బట్టీకి తీసిన దిష్టి

పొద్దుటినుంచీ ఖైరున్నీసా షెడ్డు గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చునే ఉంది. నడుము పట్టేసింది. అయినా లేచి ఇంట్లోకి వెళ్ళడానికి మనసొప్పలేదు. లోపల ఆమె కూతురు మెహర్ పెట్టుకున్న గాజు బట్టీ సన్నగా రొద చేస్తోంది. చూడటానికి బియ్యం డబ్బాలాంటి ఇనపపెట్టె, కరెంటుతో కాగుతుంది. రంగు గాజుపలకల్ని ముక్కలుగా కోసి, బొమ్మగా పేర్చి లోపల పెడితే, అన్నీ కరిగి ఒకే పలకగా అతుక్కుంటాయి. మెహర్ ఆ పని హైదరాబాదులో నేర్చుకొచ్చి, ప్రత్తిపాడులో తమ పాత దూది షెడ్డులోనే మొదలుపెట్టింది.

ఆ షెడ్డంటేనే ఖైరున్నీసాకు భయం. దూదేకే కుటుంబం వాళ్ళది. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో మిషన్లో నిప్పురవ్వ లేచి, పరుపుల దూదంతా చూస్తుండగానే భగ్గుమంది. మనుషులకేమీ కాలేదు గానీ ఆ వాసన ఆమె ముక్కును వదల్లేదు. మిషన్లు అమ్మేసి ఏళ్ళయినా వాసాల సందుల్లో దూది ఇంకా ఉంది. గాజు మీద నలుసు పడకూడదని మెహర్ దాన్ని దులుపుతుంది. నిప్పంటుకుంటుందేమోనని తల్లి దులుపుతుంది.

ఇప్పుడు బట్టీలో ఉన్నది పర్చూరులో కొత్తగా కట్టిన చర్చి కిటికీకి వెళ్ళాల్సిన పలక. నీలం మీద తెల్ల పావురం. ఆదివారమే ప్రతిష్ఠ. మెహర్ చేతికొచ్చిన మొదటి పెద్ద పని అది. ఇది కుదరకపోతే షెడ్డు మూసేసి గుంటూరులో ఏదో ఒక షాపులో చేరిపోతానంది. ఆ మాట విన్ననాటినుంచీ ఖైరున్నీసాకు కంటిమీద కునుకు లేదు. షెడ్డు నడిస్తే నిప్పు భయం. మూతపడితే ఆ పిల్ల మొహం ఎట్లా చూడాలన్న దిగులు.

"పర్చూరు పోయి కిటికీ కొలత ఇంకోసారి చూసొస్తానమ్మా. వేడి సంగతి మీటరే చూసుకుంటుంది. నువ్వు దేన్నీ ముట్టుకోకు," అంది మెహర్ చెప్పులేసుకుంటూ.

"కరెంటు పోతే?"

"ఫోన్ చెయ్."

"వైరు కాలితే?"

"కాలదు."

"మరి బస్సు..."

"బస్సు కూడా కాలదులే అమ్మా!" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

కాసేపటికి ఎదురింటి వెంకటేశ్వరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. బట్టీ పక్కనున్న చిన్న బెజ్జానికి బిరడా పెట్టి ఉన్నా, దాని చుట్టూ ఎర్రటి వెలుగు కనిపిస్తోంది.

"అబ్బబ్బ, ఏం వెలుగు వదినా! ఈ చుట్టుపక్కల ఏ ఆడపిల్ల చేస్తోంది ఇట్టాంటి పని? టీవీ వాళ్ళొచ్చి ఫొటోలు తీసుకుపోతారు చూడు."

"ఏం పనో ఏమో వదినా. ఊరికే ఆ మాట అనమాక."

"ఉన్నమాటేగా అంట!" అంటూ ఆవిడ బుగ్గలు నొక్కుకుని వెళ్ళింది.

దిష్టి తగిలిందనుకుంది ఖైరున్నీసా. వంటింట్లోకి పోయి గుప్పెడు రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి బట్టీకి ఆ వైపునుంచీ ఈ వైపునుంచీ తిప్పింది. తిప్పాక నిప్పుల్లో వెయ్యాలి. ఇంట్లో కట్టెల పొయ్యి ఎప్పుడో పోయింది. గ్యాసు మీద వేస్తే ఉప్పు పేలి బర్నరు పాడవుతుంది. నిప్పున్నది ఒక్క బట్టీలోనే. పట్కారుతో బిరడా లాగి, దిష్టి తీసినవన్నీ బెజ్జంలోకి తోసేసింది. సెగ మొహాన కొట్టింది. మిరపకాయలు క్షణంలో బూడిదయ్యాయి. తుమ్ము లేదు, దగ్గు లేదు, ఘాటన్నదే రాలేదు. అంటే ఎంత దిష్టి తగిలిందో అనుకుని, సమయానికి తీశానని ఊపిరి పీల్చుకుంది.

మెహర్ తిరిగొచ్చీ రాగానే బిరడా వంకరగా ఉండటం చూసింది.

"ఎవరు తీశారిది?"

ఖైరున్నీసా జరిగింది చెప్పింది. ఘాటు రాలేదని కూడా చెప్పింది. మెహర్ నేలమీద కూలబడింది.

"ఉప్పు పడితే గాజుకేమన్నా అవుతుందా?" అంది తల్లి.

"గాజు సంగతి తర్వాత. లోపల కాయిల్లో కరెంటుంటుంది. నీ పట్కారు దానికి తగిలుంటే? నేనొచ్చేసరికి నువ్వు ఇక్కడ పడుంటే నేనేం చెయ్యను?"

ఇన్నాళ్ళూ తాను అడిగే మాటలు కూతురి నోట వినేసరికి ఖైరున్నీసా చూపు బట్టీ మీదికి మళ్ళించింది.

"తెరిచి చూద్దామే."

"ఇప్పుడు తెరిస్తే ఉన్నదీ పగులుద్ది. దానంతటది చల్లారాలి."

మర్నాడు సాయంత్రానికి గాని చల్లారలేదు. అప్పటికి చర్చి మహిళా సంఘం తరపున లిడియా పలక తీసుకెళ్ళడానికి ఆటో తెచ్చింది. మెహర్ మూత ఎత్తింది. పావురం చక్కగా వచ్చింది. ఒక రెక్క మాత్రం పొంగిన పాల మీది మీగడలా మసకబారి, గుంటలు పడి ఉంది. లిడియా చేత్తో తడిమి చూసింది.

"తుడిస్తే పోదా?"

"పోదండి. ఉప్పు గాజులోకి దిగిపోయింది. మళ్ళీ చెయ్యాలంటే ఈ నీలం గాజు బొంబాయినుంచి రావాలి."

ఖైరున్నీసా ముందుకొచ్చింది. "తప్పు పిల్లది కాదమ్మా, నాది. దిష్టి తీసి అందులో పోశాను."

లిడియా ఒక్క క్షణం తెల్లబోయి, నవ్వాపుకుంది. "మా అత్తయ్యా అంతే ఆంటీ. ప్రార్థన అయ్యాక కూడా మిరపకాయలు తిప్పుద్ది." వెంటనే ఆమె మొహం అలిసిపోయినట్టయింది. "కానీ ఆదివారం ఆగదుగా. గాజు బదులు స్టిక్కర్ అంటిస్తే పోద్దని చర్చి పెద్దలు మొదట్నుంచీ అంటున్నారు. ఇప్పటికి అదే కానిస్తాం. ఎండలకి ఊడితే అప్పుడు మళ్ళీ అడుగుతాను వాళ్ళని. మాటైతే ఇవ్వలేను మెహర్."

ఆటో ఖాళీగా వెళ్ళిపోయింది.

"షెడ్డు మూసేస్తావా?" అడిగింది తల్లి.

మెహర్ బట్టీలోకి వంగి చూస్తోంది. గాజు పేర్చే అడుగుపలక మీద ఉప్పు కరిగి గట్టిగా పట్టేసింది. "ముందిది గీకాలమ్మా. గీకితే గాని కాయిల్ బతుకుద్దో లేదో తెలవదు."

మెయిన్ స్విచ్ కట్టేసి, దాన్ని తల్లికి చూపించి, అడుగుపలకను బయటికి తీసింది. ఖైరున్నీసా వంటింట్లోంచి అట్లకాడ తెచ్చుకుని ఎదురుగా కూర్చుని గీకడం మొదలుపెట్టింది. తెల్లటి పొడి లేచింది.

"ఆగాగు! మాస్కు లేకుండా గీకుతావా? ఆ పొడి లోపలికి పోతే ఊపిరితిత్తులు ఏమవుతాయో తెలుసా?" అని కసిరింది మెహర్.

ఖైరున్నీసా కూతురిచ్చిన మాస్కు అందుకుని పెట్టుకుంది. చెవుల వెనక తాడు సరిగ్గా ఉందో లేదో మెహర్ లాగి చూసింది. చీకటి పడేదాకా ఇద్దరూ గీకుతూనే ఉన్నారు.