మాట వినని కుక్క సంతానం

మా ఆడకుక్క తులుగాక్ ఎదకొచ్చింది. ముసలిదైపోయింది, ఇదే దానికి ఆఖరి ఈత. మంచుబండి లాగడానికి మా ఆయన ఉసార్కాక్ పెంచిన కుక్కల మందలో మిగిలింది అదొక్కటే.

మా మరిది ఇలన్‌గువాక్ తన మగకుక్కను లాక్కొచ్చాడు. "చూడు వదినా! వెడల్పాటి ఛాతీ. వేళ్ళ సందుల్లో కూడా ఒత్తుగా బొచ్చు. గడ్డకట్టిన వాల్రస్ మాంసం కరకర నమిలేస్తుంది. పగ్గం సడలనివ్వదు. ఇంకేం కావాలి?"

"ఒంటిచెవిది కావాలి."

వాడు పకపకా నవ్వాడు. "పదమంటే పడుకునేదా? పనికిరాదని అన్నయ్యే అజాకో ముసలాడికి ఇచ్చేశాడు కదా! ఊరంతా నవ్వుతుంది వదినా."

"నవ్వనీ. నవ్వేవాళ్ళెవరూ నాకు సీల్‌ను వేటాడి మాంసం తెచ్చిపెట్టరు."

మా ఆయనకు మొండిపట్టు ఎక్కువ. కొత్త మంచు ముందు ఆగిపోయిన కుక్క మర్నాటికి మా ఇంటి ముందు ఉండేది కాదు. చెప్పిన మాట జవదాటని వాటికే జత కట్టించేవాడు, ఏళ్ళ తరబడి అదే పని. అంతకు ముందు వసంతంలో సముద్రం మీద పేరుకున్న పల్చటి మంచు మీదికి పదమన్నాడు. ఒక్కటంటే ఒక్కటి ఎదురు తిరగలేదు. అంత బాగా పెంచాడు మహానుభావుడు! అన్నీ ఆయనతోపాటే మునిగిపోయాయి; పాదం కోసుకుని ఇంటి దగ్గర పడుంది కాబట్టి తులుగాక్ బతికింది.

మరిది గొణుక్కుంటూనే ఒంటిచెవిదాన్ని తీసుకొచ్చాడు. పుట్టిన పిల్లల్లో ఒకదాన్ని, అది ఎదిగాక, తన బండికి కట్టుకున్నాడు.

ఒక సాయంత్రం మొహం పాలిపోయి వచ్చాడు. "వదినా, నీ కుక్క దారికడ్డంగా పడుకుంది. తిట్టాను, కొరడా ఝళిపించాను. కదిలితేగా! ఒళ్ళు మండి దిగి, ముందుకెళ్ళి మంచును గునపంతో పొడిచి చూశాను. ఒక్క పోటుకే గునపం దిగబడిపోయింది. కింద నల్లటి నీళ్ళు."

"కూర్చో," అని వేడి మాంసం పెట్టాను.

నాలుగు ముద్దలు తిన్నాక అడిగాడు: "దానికేం పెట్టను?"

మా ఆయన పోయినా, కుండ దించగానే ఆయన ముక్క విడిగా తీస్తూనే ఉన్నాను. మర్నాడు చల్లారింది నేనే తింటాను.

"మీ అన్న ముక్క పెట్టు," అన్నాను.

వాడు తీసుకెళ్ళాడు. అది తింటుంటే గుమ్మంలో నిలబడి చూశాను. మరిది బతికొచ్చాడు, సంతోషమే. కానీ ఇలాంటిదొక్కటి ఆ రోజు మా ఆయన బండికి ఉంటే, ఇంటికొచ్చి దాన్ని ఎంత తిట్టేవాడో! ఆ తిట్లు వినాలని ఉంది నాకు.