వేటకు వెళ్ళని కుక్క

మా తమ్ముడు వెంకటపతి ఆఫ్రికా నుంచి ఏం తెచ్చాడయ్యా అంటే ఒక కుంటికాలు, బోలెడన్ని కుక్కల కబుర్లు. అన్నేళ్ళు దేశం కాని దేశంలో ఉన్నవాడు అక్కకి ఒక రవికెల గుడ్డయినా తెస్తాడనుకుంటాం కదా. పోనీలెండి, పెడనలో అద్దకం చేసేవాళ్ళ ఇంటికి గుడ్డలు మోసుకురావడం ఎందుకనుకున్నాడేమో.

వాడు టాంగన్యికాలో ముందు లారీ తోలేవాడు. తరవాత అడవి కుక్కల మీద పరిశోధన చేసే ఒక దొరసాని దగ్గర జీపు డ్రైవరుగా చేరాడు. గడ్డిలో కనపడని గోతిలో పడి ఆ జీపు తిరగబడింది. కాలి ఎముక సరిగ్గా అతకలేదు. అరవై మూడులో గుడివాడలో రైలు మారి, కర్ర పట్టుకుని పెడన స్టేషన్లో దిగాడు. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు, పెళ్ళి చేసుకోలేదు. నేను కాక వాడికి ఎవరున్నారు?

మా ఆయన ఆదినారాయణ గారు మంచి మనిషి. బావమరిది వచ్చి ఇంట్లో కూర్చున్నాడని ఒక్కనాడూ మొహం ముడుచుకోలేదు. కానీ మాది నిలబడి చేసే పని. పొద్దస్తమానం బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద చెక్క అచ్చు అద్దాలి, లేదంటే నడుంలోతు కాలవలో నిలబడి గుడ్డలు జాడించాలి. ఆ కాలితో వాడు రెండూ చెయ్యలేడు. కాలవ గట్టున ఆరేసిన గుడ్డల మీదికి మేకలు రాకుండా చూస్తూ కూర్చునేవాడు.

సాయంత్రం పని ఆపాక అరుగు మీద చేరేవాళ్ళం. వాడు మొదలుపెట్టేవాడు. ముదినేపల్లి చేలు పండినప్పుడు గట్లన్నీ తీసేసి ఆకాశం దాకా పరిస్తే ఎలా ఉంటుందో, అక్కడి గడ్డి అలా ఉంటుందట. మంచులో ముందుగా చెవులు కనపడతాయట, అప్పడాల్లాంటి గుండ్రటి చెవులు. తరవాత తెల్లటి తోక కుచ్చులు. ఒళ్ళంతా నలుపూ పసుపూ తెలుపూ, ఎవరో రంగు కలం విదిలించినట్టు. ఏ రెండింటి మచ్చలూ ఒకలా ఉండవట. ఆ మచ్చల్ని బట్టే దొరసాని ఒక్కోదాన్నీ గుర్తుపట్టేదట. వేటకి బయలుదేరే ముందు అన్నీ చేరి పిట్టల్లా కిచకిచమంటాయట. కుక్కలు కిచకిచమనడమేమిట్రా, నీ మొహం అన్నాను నేను. రెండు ఒకలా ఉండకపోతే అచ్చు చెక్కడానికి పనికిరావురా అని మా ఆయన నవ్వారు.

అక్కడ పశువులున్న దొరలకి ఆ కుక్కలంటే పడదట. జాలీ దయా లేని జాతి అని పేరుపెట్టి, కనపడితే కాల్చేసేవారట. అసలు మిగిలినవే కొద్ది. వాటిని బతకనివ్వండి అని పైవాళ్ళకి నచ్చజెప్పడానికే ఆ దొరసాని ఎండనకా వాననకా వాటి వెంట తిరిగేదట.

వినీ వినీ నాకూ పిచ్చి పట్టింది. ఒకనాడు పొద్దున్నే కాలవ గట్టుకి వెళ్ళాను. మంచు దట్టంగా కమ్మేసి ఉంది. అప్పుడే జాడించి గడ్డి మీద పరిచిన గుడ్డలు, నల్లగా, పసుప్పచ్చగా, ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నట్టున్నాయి. గాలికి ఒకదాని అంచు లేచింది. చెవి విదిలించిందనే అనుకున్నాను. నా అడుగుల చప్పుడుకి లేచిపోతాయేమోనని అక్కడే నిలబడిపోయాను. అవతల మా వెంకటపతి, జీపులో కూర్చున్నట్టే ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. నన్ను చూసి, కదలకు అన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఎంతసేపున్నామో తెలియదు. ఎండ పడేసరికి అవి మళ్ళీ గుడ్డలయ్యాయి.

అలాంటివాడు కంచం దగ్గరికి వచ్చేసరికి మారిపోయేవాడు. మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆకలి లేదక్కా అనేవాడు. ఆకలి లేకపోవడమేమిటి, బావ సంపాదన కూర్చుని తింటున్నానన్న సిగ్గు వాణ్ణి తినేస్తోంది. పైగా ఎదురింటి లక్ష్మీకాంతమ్మ, వాడు వింటుండగానే, మీ తమ్ముడు ఇంకా ఎన్నాళ్ళుంటాడమ్మా అని ఆరా తీసింది. ఆవిడ నోట్లో మన్ను పడ. ఆ రోజు నుంచీ మరీ పిట్ట తిండి అయిపోయింది. మెడ ఎముకలు బయటపడ్డాయి.

ఒక మధ్యాహ్నం ఆయనకీ వాడికీ వడ్డిస్తుంటే నెమ్మదిగా చెప్పాడు, మంగినపూడి దగ్గర ఉప్పుమడుల్లో కాపలా పని దొరికిందనీ, రేపు వెళ్ళిపోతాననీ. ఆ చవిటి నేలలో ఒంటరి గుడిసె. జ్వరం వస్తే గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కుండదు. ఆ కాలితో, ఆ తిండితో ఏడాది తిరక్కుండా పోతాడు. ఆ సంగతి నాకు తెలుసు, వాడికీ తెలుసు. దుఃఖం రావలసింది పోయి నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటె నేలకేసి కొట్టాను.

“వేటకి వెళ్ళలేనిదాన్ని ఏం చేస్తాయిరా నీ కుక్కలు? తరిమేస్తాయా?”

వాడు కంచం పక్కకి జరిపాడు. తరవాత, ఇన్నాళ్ళూ చెప్పనిది చెప్పాడు. వాళ్ళు వెంట తిరిగిన గుంపులో ఒక ఆడకుక్క ఉచ్చులో పడి ముందుకాలు పోగొట్టుకుందట. ఇది ఇక బతకదు అని దొరసాని కళ్ళు తుడుచుకుందట. గుంపు వేటకి వెళ్తే అది బొరియ దగ్గరే ఉండిపోయేది. అవి తిరిగి రాగానే కుంటుకుంటూ ఎదురువెళ్ళి, తోక ఆడిస్తూ మూతులు నాకేది. తినొచ్చిన కుక్క తన కడుపులోది కక్కి దాని ముందు పెట్టేది. ఒక పూట ఒకటి, ఇంకో పూట ఇంకొకటి. వీడు వచ్చేసేదాకా అది అలాగే బతికిందట.

కక్కిన కూడేమిట్రా అని నేను మొహం చిట్లించాను. అయినా అడగవలసింది అడిగాను.

“దానికి సిగ్గు వెయ్యలేదురా?”

“సిగ్గెందుకక్కా, అవి దానివాళ్ళేగా,” అన్నాడు.

తన కంచంలోకే చూస్తూ ఉండిపోయాడు. మా ఆయన అప్పటికి సగం భోజనంలో ఉన్నారు. తన కంచంలోంచి గోంగూర కలిపిన ముద్ద ఒకటి తీసి వాడి ముందుకి చాపారు. మా ఇళ్ళలో ఒకరి ఎంగిలి ఇంకొకరు ముట్టరు. మొగుడి కంచంలో పెళ్ళాం తింటే తినవచ్చు గానీ, బావ ఎంగిలి బావమరిది తినడం ఎక్కడా చూడలేదు. వద్దందామనుకున్నాను.

“అందుకోరా,” అన్నారు ఆయన.

వాడు చెయ్యి చాపలేదు. ముందుకి వంగి నోరు తెరిచాడు. గడ్డం మీద మెతుకులు పడ్డాయి, వాటి మీద కన్నీళ్ళు పడ్డాయి. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. మా ఆయన మాత్రం ఏమీ జరగనట్టు రెండో ముద్ద కలుపుతున్నారు.

“ఇంకొంచెం పెట్టక్కా,” అన్నాడు వెంకటపతి.

గిన్నె ఊడ్చి పెట్టాను. చాల్లేదు. నా కోసం ఉంచుకున్నది కూడా పెట్టేశాను. అదీ తినేశాడు. లేచి వెళ్ళి మళ్ళీ ఎసరు పెట్టాను.