వెనక సీటు చుక్కాని

పొద్దున్నే కోటిపల్లి బస్టాండు దగ్గర షేర్ ఆటోల వాళ్ళు నాగదుర్గ కోసం కాచుక్కూర్చుంటారు. క్యారేజీ సంచి భుజాన వేసుకుని, తడి జుట్టు చివర ముడేసుకుని ఆవిడ కనబడితే చాలు, "ఇలా రండమ్మా", "ఇటండీ ఇటు" అని ఒకటే గోల. మరి ఆవిడ ఎక్కిన బండి నావలా తేలుతుంది కదా. చక్రాల కిందకి చీలమండ లోతున గోదావరి వచ్చి నిలబడుతుంది. గోతులు తెలియవు, నడుం పట్టేయదు. ఎక్కినవాళ్ళు చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ధవళేశ్వరం దాకా హాయిగా కునుకు తీస్తారు.

ఎంతమంది పిలిచినా నాగదుర్గ ఎక్కేది జగన్నాథరావు ఆటోయే. వెనక సీట్లో కూర్చుని, డ్రైవరు సీటు వెనకున్న ఇనప కడ్డీ పట్టుకుంటుంది. "ముందుకి మాత్రం రాకండమ్మా, బండి ముక్కు మునుగుద్ది" అంటాడతను.

అలాంటి మనిషికి నలభై దాటాక చిక్కొచ్చిపడింది. ఇరిగేషన్ ఆఫీసులో ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన ప్రమోషన్ వచ్చింది గానీ, కొత్త ఆఫీసు లాకుల అవతల కాలవగట్టు మీద. అటు బస్సు లేదు, ఆటో రాదు.

"సొంత బండి ఉండాలండి. సోమవారం ఏ సంగతో చెప్పేయండి. లేదంటే మీ తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోద్ది" అన్నారు పై ఆఫీసరు ఆశాజ్యోతి గారు.

ఇంట్లో కారుంది. మొగుడు సురేష్‌బాబు కాకినాడకి రైల్లో వెళ్ళొస్తాడు కాబట్టి అది గుమ్మంలో ఊరికే పడుంటుంది. "నేర్చేసుకో, అదేమంత పనా" అన్నాడతను. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "అయినా ఈ ట్రాఫిక్‌లో నీకెందుకులే" అన్నాడు. నాగదుర్గకి రెండు మాటలూ నిజమే అనిపించాయి. పొయ్యి వెలిగించినప్పుడు నేర్చుకుందామనుకుంటుంది, కూర వేగేసరికి వద్దనుకుంటుంది.

శుక్రవారం సెలవు పెట్టి ఎలాగో డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకోడానికి వెళ్ళింది. నేర్పే అమ్మాయి పేరు పావని. నాగదుర్గ స్టీరింగు ముందు కూర్చోగానే కారు ముక్కు మునిగి, నీళ్ళు పెడల్స్ మీదకి వచ్చేశాయి. పావని ప్యాంటు పైకి మడుచుకుంది.

"ఎడమకి, ఆంటీ. ఎడమకి! అయ్యో, ఎడమంటే కుడికి తిప్పుతారేంటండీ?"

"నావలో అంతేనమ్మా. చుక్కాని కుడికి నెడితే నావ ఎడమకి తిరుగుద్ది."

చిన్నప్పుడు నాన్న రాముడి చేపల నావలో, వెనక కొసన కూర్చుని పట్టిన చుక్కాని. చెయ్యి ఇంకా దాన్ని మరిచిపోలేదు. కారు మెల్లగా కొట్టుకుపోయి వీధి కుళాయి గట్టుకి ఆనుకుంది.

సాయంత్రం తల్లి లోవమ్మ చేపలమ్మే చోటికెళ్ళి ఎదురుగా చతికిలబడింది. "నన్నేం చెయ్యమంటావే అమ్మా?"

"నాకేం తెలుసే, తట్ట నెత్తిన పెట్టుకుని నడిచినదాన్ని. చేపైతే మొప్ప ఎత్తి చూసి చెప్తాను. కారుకి మొప్పెక్కడుంటుందే?" అంది లోవమ్మ. నవ్వొచ్చింది గానీ తికమక తీరలేదు.

శనివారం పొద్దున్న చూస్తే జగన్నాథరావు ఆటో ముందు భాగం సొట్టపోయి ఉంది. అతని నుదుటికి కట్టు.

"ఏంటండీ ఇది?" అంది నాగదుర్గ, ఎక్కి కడ్డీ పట్టుకుని ఆటో కదిలాక.

"నిన్న మీరు రాలేదు కదమ్మా. అలవాటు కొద్దీ హ్యాండిల్ వదిలేసి కిళ్ళీ చుట్టుకుంటున్నాను. అరటిగెలల బండిని గుద్దేశాను."

"హ్యాండిల్ వదిలేస్తారా మీరు?"

"మీరెక్కాక నేనెప్పుడు తోలానండీ? ఆ కడ్డీతో మీరే కదా తోలేది. మీకు తెలుసనే అనుకున్నాను."

"మరే" అంది పక్కన కునుకు తీస్తున్న పూలావిడ, కళ్ళు తెరవకుండానే.

నాగదుర్గ తన చెయ్యి వంక చూసుకుంది. కడ్డీని కొంచెం కుడికి నెట్టింది. ఆటో ఎడమకి ఒదిగి, రోడ్డు మధ్యలో నిలబడ్డ గేదెని తప్పించుకుంది. ఆఫీసుకి వెళ్ళబుద్ధి కాని రోజుల్లో బండి గోదారి ఒడ్డున ఊరికే ఆగిపోవడం, ఎవ్వరూ ఏమీ అనకపోవడం గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళూ తోలినట్టా, తోలనట్టా?

సోమవారం ఆశాజ్యోతి గారు అడిగారు. "ఏమండీ, కారు తోలతారా మరి?"

"దీన్ని తోలడం అంటారో లేదో నాకు తెలీదండి. పోస్టు మాత్రం నాకే ఉంచండి. రేపొచ్చి చేరతాను."

మర్నాడు కోటిపల్లి బస్టాండులో జగన్నాథరావు కిళ్ళీ జేబులో వేసుకుని, రెండు చేతులా హ్యాండిల్ పట్టుకున్నాడు. అదే వేళకి కాలవగట్టు మీద తెల్ల కారొకటి చప్పుడు లేకుండా పోతోంది. డ్రైవరు సీట్లో క్యారేజీ సంచి. దాని వెనక సీట్లో నాగదుర్గ, డ్రైవరు సీటుకున్న తలగడ పట్టుకుని.

లాకుల దగ్గర కానిస్టేబులు చెయ్యెత్తి ఆపాడు. వంగి ముందు సీటు చూశాడు, వెనక సీటు చూశాడు.

"సీటు బెల్టు పెట్టుకోండమ్మా."

పెట్టుకుంది. తలగడని కాస్త కుడికి నెట్టింది. కారు ఎడమకి తిరిగి లాకుల వంతెన ఎక్కింది.