నీడవైపు నేల

మనీప్లాంటు ఆకుల మధ్య తెల్లగా మెరుస్తున్నది ఏదో పాలిథిన్ కవరు అనుకుని దీపశ్రీ వంగింది. తీసేద్దామని చెయ్యి కూడా చాపింది. వేళ్ళకు జానెడు దూరంలో ఉండగా దాని మీద పొలుసుల గళ్ళు కనిపించాయి.

కుబుసం.

చాపిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఒక కొస పైకి కనిపిస్తోంది. రెండో కొస ఆకుల కిందికి పోయింది. ఇంకా ఎండలేదు, మెత్తగా, తడితడిగా ఉంది. విడిచినది ఎంతో దూరం పోయి ఉండదు. దీపశ్రీ వెనక్కి తిరగకుండానే ఒక్కో అడుగూ వెనక్కి వేసి, వంటింటి గడప కాలికి తగిలాకగానీ ఊపిరి పీల్చలేదు.

లోపల అత్తగారు ప్రభావతి టీవీలో పాటలు వింటూ చిక్కుళ్ళు తుంచుతోంది. "అత్తయ్యా!" అని అరవడానికి దీపశ్రీ నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

ఎందుకంటే ఆ మొక్కలు పరిచింది తనే.

వేసవిలో పెళ్ళయి, ఆషాఢం పుట్టింట్లో గడిపి, శ్రావణంలో నకరికల్లు కాపరానికి వచ్చేసరికి ఈ ఇంటి చుట్టూ ఒక్క గడ్డిపరక లేదు. మొలిస్తే ప్రభావతి పారతో చెక్కేసేది. ఊడ్చి కళ్ళాపి చల్లేది. చెక్కడం అయ్యాక నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు అలా వంగే ఉండిపోయేది. ఆ నడుం చూసే, బోటనీ చదివిన కొత్తకోడలికి ఈ ఆలోచన వచ్చింది.

"నేలను మొక్కలతోనే కప్పేద్దాం అత్తయ్యా. ఒకసారి అల్లుకుంటే కలుపు రాదు, చెక్కే పని ఉండదు. నీళ్ళు కూడా చానా తక్కువ పడతాయి."

"నేల కనపడాలమ్మాయ్. కనపడకపోతే అడుగేసేదెట్టా?"

"మీరు మరీ పాతకాలం."

"పాతకాలందాన్ని గాబట్టే ఇంకా రెండు కాళ్ళ మీద తిరగతన్నా."

దీపశ్రీ భర్త యోగేశ్ మధ్యలో దూరి, "ఒక్క ఏడాది చూద్దాంలే అమ్మా" అన్నాడు. అంటూ భార్యకేసి కన్ను గీటాడు. అలా కన్ను గీటినందుకు దీపశ్రీ రోజంతా ఊరికే నవ్వుకుంటూ తిరిగింది.

ఎంత సరదాగా మొదలుపెట్టిందో ఆ పని! పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి, సాయంత్రమొకసారి ముగ్గుపిండి తీసుకుని బయటికి వెళ్ళి, ఇంటి నీడ ఎక్కడిదాకా పడుతోందో గీత గీసింది. "ఎండకు ముగ్గేస్తన్నావా ఏందే?" అని ప్రభావతి అరుగు మీద కూర్చుని పగలబడి నవ్వింది. ఆదివారం నాడు యోగేశ్, తనూ బండి మీద నరసరావుపేట నర్సరీకి వెళ్ళారు. వస్తూ చెరుకురసం తాగారు. మొక్కల ట్రే ఒళ్ళో పెట్టుకుని వచ్చేసరికి కొత్త చీరంతా మట్టి. దానికీ నవ్వే. పచ్చికైతే ఎప్పుడూ కత్తిరించాలి, నీళ్ళు తాగేస్తుంది, వద్దనుకుంది. ఎండ విరగకాసే వీధివైపు గడ్డిగులాబీలు పెట్టింది. వారం నీళ్ళు లేకున్నా చావవు అవి. ఎండ పొడే పడని పెరటివైపు మనీప్లాంటు తీగలు నేలమీద పరిచి, మధ్యమధ్యలో సింగోనియం మొక్కలు గుచ్చింది.

గడ్డిగులాబీలు నేలకు అంటుకుని, రంగురంగుల పూలతో బుద్ధిగా పాకాయి. నీడవైపు తీగలు మాత్రం రెచ్చిపోయాయి. చీలమండ దాటి లేచాయి. బట్టలుతికే బండ చుట్టూ కమ్ముకున్నాయి. ఆ బండ మాచర్ల నాపరాయి. ఇటుకల మీద నిలిపిన పెద్ద పలక. దాని కింద గుల్ల ఇప్పుడు ఆకుల వెనక ఎక్కడుందో కూడా తెలియదు. ఏ మొక్కకు ఎండ కావాలో, ఏ మొక్కకు నీడ కావాలో దీపశ్రీ శ్రద్ధగా చూసింది. ఆ చల్లటి నీడ ఇంకెవరికి కావాలో ఆలోచించలేదు.

ఇప్పుడు చెప్పిందంటే అయిపోయినట్టే. చూడవచ్చిన వాళ్ళందరూ బాగుందన్నా, ప్రభావతి మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా బాగుందనలేదు. చెబితే సాయంత్రానికల్లా మొత్తం పీకించేస్తుంది. ఆపైన ఈ ఇంట్లో తను ఏ మాట చెప్పబోయినా ఈ పామే ముందుకొస్తుంది. యోగేశ్ వచ్చాక అతనికి చెబితే, గొడవ లేకుండా ఏదో ఒకటి చేస్తాడు. అందాకా అత్తయ్యను పెరట్లోకి పోనివ్వకుండా చూసుకుంటే చాలు.

ఫోన్ చేసింది. అతను పత్తి తీయించడానికి చేలో ఉన్నాడు. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. వంటింట్లో బకెట్ చప్పుడు వినిపించి అటు పరుగెత్తింది.

ప్రభావతి నానబెట్టిన బట్టల బకెట్ పట్టుకుని పెరటి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నేను ఉతుకుతా అత్తయ్యా! బాత్రూంలో!"

"బాత్రూంలోనా? బండకేమైందే?"

"అక్కడ ఎండగా ఉంది కదా..."

"నీడలో ఉన్న బండ మీద ఎండేందే?" ప్రభావతి కోడలి ముఖంలోకి తేరిపార చూసింది. "అదోరకంగా ఉన్నావే. ఏమన్నా విశేషమా?"

"అబ్బే! అదేం లేదత్తయ్యా." దీపశ్రీ బకెట్ లాక్కుంది. బట్టలు ఉతికి ముందువైపు తీగ మీద ఆరేసింది. పెరటి తలుపు గడియ పెట్టి, దానికి బియ్యం డ్రమ్ము అడ్డం జరిపింది.  కిటికీలోంచి చూస్తే ఆకులన్నీ ఒకేలా, పచ్చగా, కదలకుండా ఉన్నాయి. నిన్నటిదాకా ఫోటోలు తీసి అమ్మకు పంపిన ఆకులే. ఇప్పుడు వాటి కింద ప్రతి అంగుళంలోనూ అది ఉన్నట్టే ఉంది.

మంచం మీద కాసేపు నడుం వాల్చింది. రెప్పలు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు.

మెలకువ వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. టీవీ ఆగిపోయి ఉంది. అత్తగారి మంచం ఖాళీగా ఉంది. దీపశ్రీ వంటింట్లోకి పరుగెత్తింది. డ్రమ్ము పక్కకు జరిపి ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది.

ప్రభావతి బండ మీద కూర్చుని ఉంది. చెప్పులు పక్కన విడిచి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి లాక్కుని, రెండు పాదాలూ ఆకుల్లోకి దించేసింది. ఒళ్ళో గిన్నె. అందులో సగం గింజలు తీసిన చింతపండు. కళ్ళు మూసుకుని, చల్లదనాన్ని అనుభవిస్తూ సన్నగా ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ కూర్చున్న తీరు ఇవాళ కొత్తగా వచ్చినట్టు లేదు. కోడలు నిద్రపోయాక రోజూ వస్తోందని చూడగానే తెలిసిపోయింది.

బాగుందని అనలేదు. కానీ రోజూ వచ్చి కూర్చుంటోంది.

దీపశ్రీ పరుగున పోబోయింది. అప్పుడే బండ రెండో కొస దగ్గర ఆకులు కదిలాయి. గాలి లేదు. పైన వేపకొమ్మ నిశ్చలంగా ఉంది. ఆకుల కిందినుంచి సన్నగా చప్పుడు మొదలై పెద్దదైంది, కుక్కర్ విజిల్ వేసే ముందు ఆవిరి బుసకొట్టినట్టు. పల్నాట్లో పుట్టినవాళ్ళకు ఆ చప్పుడు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రక్తపింజరి.

"అత్తయ్యా." తన గొంతు తనకే వేరే ఎవరిదోలా వినిపించింది. "కాళ్ళు కదపకండి."

ప్రభావతి కళ్ళు తెరిచింది. ముందు భయం కాదు, సిగ్గు వచ్చింది ఆమె ముఖంలోకి. "ఏదో, కూసేపు... కాళ్ళు మంటగా ఉంటే..." అంటూ పాదం పైకి తీయబోయింది.

"కదపొద్దు! మీ కుడివైపు. బండ కింద."

బుస మళ్ళీ వినిపించింది. ఈసారి ప్రభావతికీ వినిపించింది. 

"ఎంత దూరంలో ఉందే?" పెదవులు మాత్రమే కదిలాయి.

దీపశ్రీ చూసింది. కళ్ళు పగిలేలా చూసింది. "తెలియడం లేదత్తయ్యా. ఆకులు అడ్డం."

ఒళ్ళో స్టీలు గిన్నె టకటకమని వణకడం మొదలుపెట్టింది. ప్రభావతి దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, "తండ్రీ సుబ్బరాయుడా" అని గొణిగింది. అడుగు వేస్తే నేల అదురుతుంది. అరిస్తే ఆవిడ అదిరిపడుతుంది. దీపశ్రీ ఉన్నచోటే నిలబడిపోయింది. 

"నన్ను చూడండి. కిందికి చూడొద్దు, నన్నే చూడండి."

ప్రభావతి చూసింది. పసిపిల్ల తల్లిని చూసినట్టు చూసింది.

ఆకులు కదులుతున్నాయి. ఒక్కో ఆకూ లేచి, పడి, ఆ వెనకది లేచి. అలా ఒక గీత బండ వెంబడి పాదాల దగ్గరికి వచ్చింది. వచ్చి ఆగింది. ప్రభావతి గుడ్లు పెద్దవయ్యాయి, నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు. ఆగినచోట ఏం జరుగుతోందో పైనున్న ఆకులు చెప్పలేదు. ఇప్పుడు కాటేస్తుంది, ఇప్పుడు, ఇప్పుడు అని దీపశ్రీ పళ్ళు బిగబట్టింది. పొద్దున్నే ఒక్క మాట అని ఉంటే! ఒక్క మాట!

ఆకులు మళ్ళీ కదిలాయి. ఎడమవైపు. గీత దూరం జరిగింది. మొక్కలు అల్లుకోని గోడవార మట్టి మీదికి తల వచ్చింది, దాని వెనక లావుపాటి ఒళ్ళు, గొలుసు పరిచినట్టున్న గోధుమరంగు మచ్చలు. బోసి మట్టి మీద తోక చివరిదాకా మొత్తం కనిపించింది. గోడలో రెండు నాపరాళ్ళ సందులోంచి మెల్లిగా అవతలికి దూరిపోయింది.

గోడవతల పక్కింటి యల్లమంద గొడ్లచావిడి. దీపశ్రీ గోడ దగ్గరికి పరుగెత్తి గొంతు చించుకుని అరిచింది. "బాబాయ్! రక్తపింజరి! మీ చావిట్లోకి వచ్చింది! మా మొక్కల్లోదే, నేను పొద్దున్నే కుబుసం చూశా!"

"ఆఁ? గొడ్లను ఇప్పండ్రా!" అని అవతల కేక వినిపించింది.

వెనక్కి తిరిగేసరికి ప్రభావతి ఇంకా బండ మీదే ఉంది. ఆ చివరి మాట విన్నది. కాళ్ళు పైకి తీసుకోవడానికి ఒంట్లో సత్తువ లేదు. దీపశ్రీ ఆవిడను చంకల కింద పట్టి, లాగి, వంటింట్లో పీట మీద కూలేసింది.

"పొద్దున్నే చూశావా?"

"చూశానత్తయ్యా."

"చూసి, డ్రమ్ము అడ్డం పెట్టావా?"

"చెబితే అంతా పీకించేస్తారని..." ఇంక ఏడుపు ఆగలేదు.

  "నా కాళ్ళ కన్నా ఆకులెక్కువైనయ్యా నీకు?" అంది ప్రభావతి. తర్వాత గొంతు తగ్గించి, "నేనూ తక్కువదాన్నేం గాదులే. ఎదురుగా కూర్చుంటే బాగుందని ఒప్పుకోవాల్సొస్తదని దొంగతనంగా కూర్చున్నా" అంది.

"తగిలిందా అత్తయ్యా? అక్కడ ఆగింది కదా, ఏమన్నా తగిలిందా?"

"చల్లగా ఏదో రాసుకుంది. ఆకో, అదో."

దీపశ్రీ ఆవిడ పాదాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో, మెట్టెల కింద, మడమ వెనక వెతికింది. ఎక్కడా గాటు లేదు. నొప్పి లేదు, వాపు లేదు. అయినా నమ్మలేదు. ఈలోగా మిస్డ్ కాల్స్ చూసి యోగేశ్ దుమ్ములేపుకుంటూ వచ్చాడు. ఆటో పిలిచి ముగ్గురూ నరసరావుపేట వెళ్ళారు. డాక్టరు పాదాలు చూశాడు, రక్తం తీసి చూశాడు, సాయంత్రందాకా కూర్చోబెట్టి మళ్ళీ చూశాడు. కాటు పడలేదన్నాడు.

తిరుగు ఆటోలో ప్రభావతి వెనక్కి వాలి, కొడుకుతో, "రేపు ఆ పెరటివైపుదంతా మనుషుల్ని పెట్టి, పొడుగు కర్రలతో లాగించేయరా" అంది. దీపశ్రీ తల దించుకుంది. "బండ చుట్టూ, గోడవారా మట్టి అట్టాగే వదిలేద్దాం. మధ్యలో మటుకు సరస్వతాకు పెట్టమను నీ పెళ్ళాన్ని. అదీ నీడలోనే బతుకుద్ది, నేలకంటుకుని పాకుద్ది. పచ్చడి గూడా చేసుకోవచ్చు."

దీపశ్రీ మాత్రం అత్తగారి రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని, సెల్‌ఫోన్ వెలుగులో మళ్ళీ మొదటినుంచి చూస్తోంది. చీలమండ చుట్టూ వేళ్ళు బిగించి, ఇందాకటి కన్నా ఏమైనా లావైందేమోనని కొలుస్తోంది. 

"ఇంక చాల్లేవే, చక్కిలిగిలి పుడతన్నది" అంది ప్రభావతి. కానీ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.