కల్లంలో నెట్టు

మిరపకాయలు ఎండబెట్టే రోజుల్లో సుబ్బరావమ్మ కాపురం కల్లానికి మారుతుంది. ఇంట్లోని ఇంటర్నెట్ పెట్టె చంకన పెట్టుకుని మరీ వెళుతుంది. రెండుచోట్లా వైరు ఉంది. కానీ ఆమె పెట్టె మార్చినప్పుడల్లా కేబుల్ ఆఫీసులో కరీముల్లా కంప్యూటర్ ముందు కూర్చుని, నెట్టు ఏ దారిన వెళ్లాలో చేత్తో మార్చాలి. ఆలస్యమైతే తిట్లు.

ఈ ఏడు ఆ దారి దానంతటదే మారేలా ఏర్పాటు చేశాడు. ఆ గొప్ప కళ్లారా చూసుకుందామని ఆమె ఇంటికి వెళితే తాళం. గంటసేపు ఎండలో మాడి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నారు పిన్నిగారూ?"

"కల్లంలో. నెట్టు బ్రహ్మాండంగా వస్తోందిరా!"

"నాకొక్క మాట చెప్పొద్దూ?"

"ఇక చెప్పక్కర్లేదని ఊరంతా చాటింది నువ్వే కదరా! నీ మిషనుకి తెలిసింది, నీకు తెలియకపోతే నేనేం చెయ్యను?"