చీటీ చింపిన అట్టపెట్టెలు

తనిఖీ అధికారి సంచిలోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. అరచేయంత ఇత్తడి తాళం. దాని పక్కనే లక్క, దారం, ఆఫీసు ముద్ర.

"ఇది మూడోసారమ్మా," అన్నాడు. "పేపరు మిల్లువాళ్ళు పొద్దున వెళ్ళిన లోడు కూడా వద్దన్నారు. రెండు నెలల్లో మూడు లోడ్లు వద్దంటే సెంటరు మూసెయ్యాలని రూలు. నా చేతుల్లో ఏం లేదు."

"మీ చేతుల్లోనే కదా సార్ తాళం ఉంది," అంది ఇన్‌చార్జి. "కాసేపు దాన్ని అక్కడే పడుకోనివ్వండి. ముందు ఫొటోలు చూపించండి."

ఏడేళ్ళుగా ఆ రీసైక్లింగ్ సెంటరు ఆమె చేతిమీద నడుస్తోంది. తొమ్మిది వీధుల ఇళ్ళలో పోగయ్యే అట్టపెట్టెలు, సీసాలు, ప్లాస్టిక్ డబ్బాలు, పాత కాగితాలు అన్నీ ఆ రేకుల షెడ్డులోకే వచ్చేవి. వాటిని ఏరి, విడదీసి, కట్టలు కట్టి పంపడానికి పద్నాలుగు మంది ఉన్నారు. తాళం పడితే తొమ్మిది వీధుల చెత్తా తిన్నగా డంపింగ్ యార్డుకి పోతుంది, పద్నాలుగు మందీ రోడ్డున పడతారు. ఆ పద్నాలుగు మందిలో ఆమె అత్తగారు కూడా ఉంది.

అధికారి ఫోను ముందుకు జరిపాడు. లారీ వెనక తలుపు తెరిచి తీసిన ఫొటో. తడిసి ముద్దయిన అట్టపెట్టెలు, వాటి మధ్య కుళ్ళిన కూరగాయలు, కారుతున్న నల్లటి నీళ్ళు.

"మా షెడ్డులోకి తడి చెత్త రానే రాదు సార్. గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాం."

"ఏ సెంటరుకెళ్ళినా ఇదే మాటమ్మా. సాక్ష్యం కావాలి."

సాక్ష్యం ఆమె దగ్గర లేదు. తప్పు తన మనుషులది కాదని మాత్రం తన పేరు తెలిసినంత బాగా తెలుసు.

గొడవేమిటో చూద్దామని అత్తగారు చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. కోడలి భుజం మీంచి ఫోనులోకి తొంగి చూసింది.

"ఇవి మన పెట్టెలు కావే," అంది.

"ఎలా చెప్తున్నారత్తయ్యా?"

"కళ్ళు పెట్టి చూడు. చీటీలున్నాయి వాటికి. నా చేతిమీదుగా పోయే పెట్టె చీటీతో బయటికెళ్ళడం ఎప్పుడైనా చూశావా?"

ఇన్‌చార్జి ఫోనును దగ్గరికి లాక్కుంది.

పదేళ్ళ కిందట, ఆమె ఇంకా ఇన్‌చార్జి కాకముందు, కొత్త టీవీ వచ్చిన అట్టపెట్టె మీద చిరునామా చూసుకుని ఎవడో ఆ ఇంట్లో దొంగతనం చేశాడు. ఆ ఇంటావిడ సెంటరుకొచ్చి గేటు పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి అత్తగారు ప్రతి పెట్టె మీదా చిరునామా చీటీ చింపి, ముక్కలు చేసి, వేరే గోనెలో వేసేది. అట్టపెట్టెలన్నీ ఆమె బల్ల దాటాకే లారీ ఎక్కాలి. అందరూ ఆమెను చింపులమ్మ అని ఆటపట్టించేవారు. ఈ పనితో గంటల కొద్దీ సమయం దండగవుతోందని కోడలు కిందటి నెలలోనే సంతకం పెట్టి మరీ నోటీసు అంటించింది, ఇకమీదట చీటీలు చింపరాదని.

"చింపొద్దని నోటీసు పెట్టాను కదత్తయ్యా!"

"కళ్ళజోడు లేదు, ఎలా చదవను?"

"మరి ఇంత చిన్న ఫొటోలో చీటీలు ఎలా కనబడ్డాయి?"

"అది వేరు, ఇది వేరు," అంది అత్తగారు.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "ఒకటి రెండు పెట్టెలు చెయ్యి జారి ఉండొచ్చుగా."

"అందుకే సార్, లోడు మొత్తం చూద్దాం పదండి," అంటూ ఇన్‌చార్జి అప్పటికే మిల్లు గేటు గుమాస్తాకి ఫోను కలిపింది. అవతల్నుంచి వచ్చిన జవాబు విని చెప్పులేసుకుంది. వద్దన్న లోడును అదే లారీ డంపింగ్ యార్డులో పారబోసి రావాలి. కాగితాలు తయారవుతున్నాయట. మహా అయితే ఇరవై నిమిషాలు. యార్డు గుట్టలో కలిసిందంటే ఏ పెట్టె ఎవరిదో దేవుడు కూడా చెప్పలేడు.

"జీపు తియ్యండి సార్. తాళం కూడా తెచ్చుకోండి, మాదే తప్పని తేలితే వచ్చాక నేనే వేస్తాను."

అత్తగారు ఎవరూ పిలవకుండానే వెనక సీటెక్కి కూర్చుంది.

పద్దెనిమిదో నిమిషంలో మిల్లు మలుపు తిరిగారు. లారీ ముందు చక్రాలు అప్పటికే గేటు దాటేశాయి.

"జీపు అడ్డం పెట్టండి సార్!"

"నా జీపా?"

"గీత పడితే రంగు నేను వేయిస్తాను. పెట్టండి!"

జీపు అడ్డంగా ఆగింది. లారీ కీచుమంటూ మూరెడు దూరంలో నిలబడింది. డ్రైవరు తల బయటపెట్టాడు. బండి తోలే తీరుకి సెంటరులో అంతా అతన్ని తుపాను అనేవారు. ఇప్పుడు మాత్రం గాలి తీసిన టైరులా ఉన్నాడు.

"ఏంటమ్మా ఇది? నాకు ఆలస్యమవుతోంది."

"వెనక తలుపు తియ్యి."

"మిల్లువాళ్ళు సీలేశారు. తియ్యకూడదు."

"సీలు తీసే ఆయన్నే వెంటబెట్టుకొచ్చాను," అంది ఇన్‌చార్జి.

డ్రైవరు చెయ్యి గేరు మీదికి పోయింది. రివర్సులో లోపలికి లాగి, వెనక గేటు గుండా జారుకోవచ్చు. కానీ అటుపక్క తలుపు తెరుచుకుంది. అత్తగారు ఒక్క ఊపున క్యాబిన్లోకెక్కి, తాళంచెవి తిప్పి లాగేసి, బొడ్లో దోపుకుంది.

"దిగు బాబూ. ఈ వయసులో నాతో కుస్తీ పట్టించకు."

అధికారి సీలు కోశాడు. తలుపు తెరవగానే వాసన గుప్పుమంది. ఇన్‌చార్జి ముక్కు మూసుకోలేదు, నేరుగా పైకెక్కింది. మొదటి పెట్టెకి చీటీ ఉంది. రెండోదానికీ ఉంది. మూడోది, నాలుగోది. తడికి సిరా అలుక్కుపోయినా చిరునామా చదవడానికి వీలుగానే ఉంది. అన్నిటి మీదా ఒకటే చిరునామా, అడ్డంగా ఒకటే నీలిగీత. సెంటరుకీ మిల్లుకీ మధ్య దారిలో ఉన్న కూరగాయల కోల్డు స్టోరేజీది.

"ఇప్పుడు లోపలికి రండి సార్."

అధికారి ప్యాంటు మడత పెట్టి ఎక్కాడు. తడి పెట్టెల వరసలు నాలుగు. వాటిని పక్కకి లాగితే అవతల ఎండు అట్టలు, తాడుతో చక్కగా కట్టిన కట్టలు. ప్రతి అట్ట మీదా చీటీ ఉండాల్సిన చోట గరుకుగా చినిగిన తెల్లటి మచ్చ. ఇన్‌చార్జి ఒక్కొక్క కట్టా విప్పి చూపించింది. యాభై అట్టలు దాటాక అధికారి లెక్క మానేశాడు.

"మేం నింపిన లోడు లోపల ఉంది సార్. దారిలో ఎక్కించింది తలుపు దగ్గరుంది. మిల్లువాళ్ళు తలుపు తెరవగానే కనబడింది చూసి మొత్తం వద్దన్నారు. అవునూ, పాత రెండు లోడ్ల ఫొటోలు ఉన్నాయా మీ దగ్గర?"

అధికారి ఫోను తీసి, బొమ్మ పెద్దది చేసి చూశాడు. తర్వాతి బొమ్మా చూశాడు. రెండింట్లోనూ అదే నీలిగీత చీటీలు. రెండు నెలలుగా ఆ ఫొటోలు అతని జేబులోనే ఉన్నాయి.

కిందికి దిగేసరికి డ్రైవరు లారీ చక్రానికి ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు.

"మా బావమరిదండీ," అన్నాడు, అడక్కముందే. "ఆ కోల్డు స్టోరేజీలో పని వాడిది. తడి చెత్త తీసుకెళ్ళే బండి రావట్లేదు, పోతూ పోతూ కాస్త ఎక్కించుకో బావా అన్నాడు. మా ఆవిడ తమ్ముడు, కాదంటే ఇంట్లో బతకనివ్వదు. మిల్లువాళ్ళు ఇంత పట్టించుకుంటారనుకోలేదు."

"మొదటి లోడు వద్దన్నప్పుడు తెలిసిందిగా?" అంది ఇన్‌చార్జి. "పద్నాలుగు మంది కడుపు కొడుతున్నానని అప్పుడైనా అనిపించలేదా?"

అతను భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"బావమరిది మీద అంత ప్రేముంటే," అంది అత్తగారు క్యాబిన్లోంచే, "ఆ కుళ్ళు తీసుకెళ్ళి మీ ఆవిడ వంటింట్లో దింపాల్సింది నాయనా. మా పేరు మీద దింపడమెందుకు?"

అధికారి జీపు బానెట్టు మీదే కాగితం పెట్టుకుని రాశాడు. మూడు లోడ్లలోనూ సెంటరు తప్పు లేదు. లారీ, డ్రైవరు విచారణకి. కోల్డు స్టోరేజీకి తాఖీదు. మిల్లు మేనేజరును పిలిపించి లోపలి కట్టలన్నీ దింపించుకోమన్నాడు. ముద్ర కొట్టాడు. ఆ ముద్ర తాళం మీద కాకుండా కాగితం మీద పడటం చూశాకే ఇన్‌చార్జి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"అమ్మా, ఆ చీటీలు చింపే పద్ధతి..." అన్నాడు అధికారి. "మిగతా సెంటర్లలో కూడా పెట్టిస్తే బాగుంటుంది. ఎవరు మొదలెట్టారని రాయమంటారు?"

"చింపులమ్మ అని రాయండి సార్. ఊరందరికీ తెలుసు," అంది ఇన్‌చార్జి.

మధ్యాహ్నానికి సెంటరుకి తిరిగొచ్చారు. గోడ మీద నోటీసు అలాగే ఉంది. ఇన్‌చార్జి దాన్ని ఊడబీకి, నాలుగు మడతలు పెట్టి, పాత కాగితాల గోనెలో పడేసింది.

అత్తగారు వంగి ఆ కాగితం బయటికి తీసింది. మడతలు విప్పి, అడుగున కోడలి పేరూ సంతకమూ ఉన్న ముక్కను జాగ్రత్తగా చింపి, ముక్కలు ముక్కలు చేసింది. మిగిలింది గోనెలో వేసింది.

"పేరుతో బయటికి పంపకూడదే," అంది. "ఎన్నిసార్లు చెప్పాలి?"