బండి కదపకూడదు

"నువ్వే నడిపావని చెప్పు, చాలు" అన్నాడు సుదత్ భార్య ఇరేషాతో, గొడుగు కాస్త పట్టుకోమన్నంత తేలిగ్గా.

నుగేగొడలోని సూపర్‌మార్కెట్ వెనకాల పార్కింగ్‌లో వాళ్ళ నీలం కారు వెనకభాగం, పక్కన ఆగి ఉన్న తెల్లకారు తలుపులోకి దిగబడి ఉంది. గుద్దింది సుదత్. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని బండి వెనక్కి తీస్తుంటే, ముందు సీట్లో పక్కనే కూర్చున్న ఇరేషా "ఆగండి, ఆగండి" అని అరిచింది కూడా. ఆ తెల్లకారులో అప్పుడు ఎవరూ లేరు. ఇన్సూరెన్సు మనిషి వచ్చి ఫొటోలు తీసుకునేదాకా రెండు బళ్ళూ ఎక్కడివి అక్కడే ఉండాలి. అది అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. వెనక ఇరుక్కున్నవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. కాపలావాడు అందరికీ దణ్ణాలు పెడుతున్నాడు.

"నా లైసెన్సు గడువు దాటిపోయిందని తెలుసుగా. డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చుకోవడానికి నాకు తీరికేదీ? నేను నడిపానంటే పైసా రాలదు. నీ లైసెన్సు కొత్తది. ఏం పోయింది నీకు?"

ఏం పోతుందో ఇరేషాకి బాగా తెలుసు. వచ్చే నెల ఆమె హొరణ బ్రాంచిలో మేనేజరుగా చేరాలి. బ్యాంకులో పన్నెండేళ్ళు చాకిరీ చేస్తే వచ్చిన ఉద్యోగం. పొద్దున్న రెండు బస్సులు మారితే వేళకి చేరడం కల్ల. సుదత్‌ని ఆఫీసు వ్యాను వచ్చి తీసుకెళ్తుంది కనుక కారు వారమంతా వాకిట్లో ఎండుతూనే ఉంటుంది. అయినా దాన్ని అడగడానికి ఆమె ఎన్ని రోజులు మాటలు కూడబలుక్కుందో! "నీ చేతికిస్తే బండి బండిలా ఉంటుందా?" అన్నాడతను. "ఆడపిల్లకి అంత దూరం ఒంటరి ప్రయాణం దేనికి, ఉన్న ఉద్యోగం చాలదా" అంది అత్తగారు. బతిమాలగా బతిమాలగా మొన్ననే "సరే, చూద్దాం" అన్నాడు. ఇప్పుడు ఈ సొట్ట ఆమె ఖాతాలో పడితే ఆ "చూద్దాం" కాస్తా గాలికి పోతుంది.

వెనక సీట్లోంచి అత్తగారు దిగింది. ఆవిడ కళ్ళారా చూసింది అంతా. అయినా తెల్లకారు యజమానురాలు సామాన్ల సంచితో పరిగెత్తుకురాగానే నోరు విప్పింది.

"చెబుతూనే ఉన్నానమ్మా, నెమ్మదిగా తియ్యి అమ్మాయ్, నెమ్మదిగా అని. వింటేనా!"

ఇరేషా ఆవిడ మొహంలోకి చూసింది. అబద్ధమాడుతున్న జాడే లేదు. కొత్త సంవత్సరానికి కొబ్బరిపాల అన్నం అడుగంటినప్పుడు కూడా ఇంతే. పొయ్యి దగ్గర ఉన్నది ఆవిడ. చుట్టాల ముందు "మా కోడలు మంట తగ్గించడం మరిచిపోయింది" అన్నప్పుడు ఇరేషా నవ్వి ఊరుకుంది. పండగపూట గొడవెందుకని. ఆడబిడ్డ చీర ఇస్త్రీలో కాలినప్పుడూ ఊరుకుంది, సుదత్ విమానం తప్పిపోయినప్పుడూ ఊరుకుంది. ఊరుకున్న కొద్దీ ఆ ఇంట్లో పోయినవీ పగిలినవీ అన్నీ ఆమె చేతుల మీదుగానే పోతూ వచ్చాయి. తాను నిజంగానే అంత చేతకానిదాన్నేమో అని ఆమెకే అనుమానం పట్టుకుంది. అన్నిటికంటే ఆ అనుమానమే ఆమెని ఎక్కువ భయపెట్టేది.

తెల్లకారావిడ రిటైరైన టీచరట. తిడుతుందనుకుంటే తిట్టలేదు. ఇరేషా భుజం మీద చెయ్యి వేసింది.

"భయపడకమ్మా. రేకు సొట్టేగా. మగాళ్ళు గుద్దితే బ్రేకు పట్టలేదంటారు, మనం గుద్దితే ఆడవాళ్ళింతే అంటారు. నువ్వు మాత్రం నడపడం మానకు, తెలిసిందా?"

ఆ ఓదార్పు ఇరేషాకి చెంపదెబ్బకంటే ఎక్కువ తగిలింది. చెయ్యని తప్పుకి తిట్లు తినడం అలవాటే. చెయ్యని తప్పుకి జాలి పుచ్చుకోవడం మాత్రం సిగ్గనిపించింది. ఆమె కళ్ళు తిప్పుకుంది.

ఇన్సూరెన్సు మనిషి మోటారుసైకిలు మీద వచ్చాడు. హెల్మెట్ తియ్యకుండానే రెండు కార్ల చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు.

"బండి నడిపింది ఎవరు?"

"మా ఆవిడండీ" అన్నాడు సుదత్, నవ్వుతూ. "మీకు తెలియందేముంది, లేడీస్ డ్రైవింగ్!"

అత్తగారు కూడా నవ్వింది. ఇన్సూరెన్సు మనిషి మర్యాదకి కాస్త నవ్వి, చెయ్యి చాపాడు. "లైసెన్సు ఇవ్వండి, మిస్."

ఇరేషా సంచిలోంచి లైసెన్సు తీసింది. ఇంటికెళ్ళాక జరగబోయేదంతా కళ్ళకి కట్టింది. మౌనాలు, దడాలున వేసుకునే తలుపులు, "మొగుణ్ణి నలుగుర్లో నిలబెట్టింది" అని ఆడబిడ్డకి ఫోన్లు. ఇన్సూరెన్సు రాకపోతే రెండు కార్ల బాగుచేతా చేతి డబ్బుతోనే, ఆ సాధింపు ఎన్నాళ్ళుంటుందో! అయినా కార్డు అతనికివ్వకుండా గుప్పిట్లోనే పట్టుకుంది.

"ఇది నాదే. కానీ నడిపింది నేను కాదు. మా ఆయన. ఆయన లైసెన్సు గడువు అయిపోయింది."

హారన్లు మోగుతూనే ఉన్నాయి. టీచరమ్మ ఇరేషా మొహం చూసి, సుదత్ మొహం చూసి, సామాన్ల సంచి కింద పెట్టింది.

"పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు సుదత్ పళ్ళ బిగువున. "క్లెయిమ్ పోతుంది. తెలుస్తోందా?"

"తెలుసు."

ఇన్సూరెన్సు మనిషి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "అయితే నష్టం సంగతి మీరూ ఈ తెల్లకారు మేడమూ తేల్చుకోవాలి సార్. ఫొటోలైపోయాయి, ఇక బళ్ళు తియ్యొచ్చు" అన్నాడు.

సుదత్ విసురుగా డ్రైవరు సీటువైపు నడిచాడు. తలుపు మీద చెయ్యి వేసి, తనవైపే చూస్తున్న ఆ మోటారుసైకిలు మనిషిని చూసి ఆగిపోయాడు.

ఇరేషా అతని ముందుకెళ్ళి చెయ్యి చాపింది.

"తాళం ఇలా ఇవ్వండి. లైసెన్సు ఉన్నది నాకొక్కదానికే."